మోకునకు వారసు లెవ్వరు?

తండ్రి విడిచిన ఆస్తిని పుచ్చుకొను కుమారుడు తండ్రి చేసిన అప్పును గూడ పుచ్చుకొనవలెనని మన ప్రాచీన ధర్మశాస్త్రము విధించినది. కాని ఆ శాస్త్రమే ఆ విధికి ఒక మినహాయింపును గూడ చెప్పినది. సురాపానమునకై, జూదమునకై, కామమునకై తండ్రి చేసిన ఋణమును కుమారుడు తీర్చ నక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి తీర్పు. పుత్రుని ఈ ఋణబాధ్యతనే 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము తొలగించినది గనుక, న్యాయస్థానములలో ఈ చర్చకు ఇక చాలవరకు చోటు లేదు. ధర్మవిచారమునందు మాత్రము ఇంకను మిగిలియున్నది. తండ్రి త్రాగి చేసిన అప్పు కొడుకునకు అంటదు. సరియే. తండ్రి ఇతరులకు త్రాగించి నిలుపుకొన్న వృత్తి కొడుకునకు అంటునా, అంటదా? అంటినచో అది ఆస్తిగా అంటునా, అప్పుగా అంటునా?

ఈ ప్రశ్న పండితుల వినోదమునకై కల్పించినది కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో తాటివనము ప్రక్కను గుడిసె వేసికొని బ్రతుకు ప్రతి గౌడగృహమునందును, ఇంటి కుర్రవానికి పదునెనిమిది యేండ్లు నిండిన నాడు ఈ ప్రశ్న గడపలో నిలుచుచున్నది. చిరకాలము ఇందూరు జిల్లాలో చేరియుండి, 2016 అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లాగా ఏర్పడిన సీమ యిది. తూర్పున రైలుదారి మీద కామారెడ్డి, పడమట మంజీరానది వైపున ఎల్లారెడ్డి. ఆ నదికి 1923 మొదలు 1931 వరకు కట్టిన నిజాంసాగరము ఈ సీమలో వరిని చెరకును పెంచినది. కాని ఆనకట్టకు పూర్వము నుండియు, నీటి పారుదలతో పనిలేక, చెరువుకట్టల మీదను వాగుల యొడ్డునను పొలముల గట్ల మీదను నిలిచి మనుష్యులను పోషించినవి తాడియు ఈతయు. వానిని గీసి కల్లు తీయుట గౌడుల కులవృత్తి. తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు సంక్రమించు మద్యక్షేత్రము మన సీమలో ఏదైనను ఉన్నచో అది యిదియే.

మద్యక్షేత్రము అన్నంతనే చదువరుల మనస్సున ఐరోపాఖండపు ద్రాక్షతోటలు మెదలవచ్చును. ఇటలీ దేశమున ఫ్లోరెన్సు నగరపు ఆంటినోరి వంశమువారు 1385 నుండి, ఇరువదియారు తరములుగ, ద్రాక్షసారాయమును చేయుచున్నారు. ఆ గృహపు పెత్తన మిప్పుడు ముగ్గురు కుమార్తెల చేతికి వచ్చినది. అచ్చటి వారసునకు భూమి దక్కును, భూమి క్రింది నేలమాళిగ దక్కును, మాళిగలోని పీపాలు దక్కును, పీపాల మీది పేరు దక్కును. తాత నిలువ చేసిన సీసాను మనుమడు తన పెండ్లినాడు తెరువవచ్చును. కాల మచ్చట వస్తువునకు విలువ పెంచును.

మన గీతకాని వారసత్వ మట్టిది కాదు. ఉదయమున దించిన కల్లు తీయగా నుండును. చెట్టుమీదనే గాలిలోని సూక్ష్మజీవులు దానిలో పని మొదలుపెట్టును గనుక, ప్రొద్దెక్కినకొలది అది పులియును, సాయంకాలమునకు నిషా పెరుగును, మరునాటికి పుల్లని నీరగును. దానిని దాచుటకు వీలులేదు. చెట్టు ఒక పట్టాదారుని గట్టుమీదిది. దానిని గీయు అనుమతి సర్కారుది. కావున గీతకాడు కొడుకునకు విడువగలిగినవి ఏవి? మోకు, ముస్తాదు, గీతకత్తి, లొట్లు. వానిని వాడు విద్య. ఆ విద్యతో కూడిన ప్రాణభయము. ఇంతియే. ఆంటినోరి పుత్రికలకు కోట సంక్రమించినది. ఎల్లారెడ్డి గౌడుని పుత్రునకు త్రాడు సంక్రమించుచున్నది.

ఆ విద్య యల్పమైనది కాదు. పోతుతాడునకును పెంటితాడునకును గీత వేరు. గెలను ఏ మేరకు నొక్కవలెనో, ఏ కోణమున చెక్కవలెనో తెలియవలెను. చెక్కిన ముఖము ఆరిపోకుండ పూటపూటకు సన్నని పొరను తీయవలెను. ఈతచెట్టును మెడక్రింద చెక్కి కొన్నినాళ్లు గీసి, కొన్నినాళ్లు దానికి విశ్రాంతి నీయవలెను. ఆశపడి ఎడతెగక గీసినచో చెట్టు చచ్చును. ఉదయమొకసారి, సాయంకాలమొకసారి అనేకవృక్షముల నెక్కిదిగు మనుష్యునకు కాలు జారుటకు ఒక్క క్షణము చాలును. అందుచేతనే గీతకాండ్రు కాటమయ్యను కొలిచిన తరువాతనే మోకు పట్టుదురు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము గీతకాండ్ర రక్షణకై క్రొత్త కట్టుపరికరములను పంచుట ప్రారంభించి, ఆ పథకమునకు కాటమయ్య పేరే పెట్టినది. దైవమునకు విడిచిన భారములో కొంత తాను మోయుటకు సర్కారు ఇన్నాళ్లకు పూనుకొన్నది.

ఇంకొక సంగతి. తాడి గీతకు రావలెనన్న పదునైదేండ్లకు పైగా పట్టును. నాటినవాడు గీయుట అరుదు. గీయువాడు నాటుట అంతకంటె అరుదు. నేడు మనము చూచు ప్రతి తాటివనమును పూర్వులు తమకొరకు కాక, మనకొరకు పెరుగనిచ్చినది.

ఇక ప్రశ్నకు వత్తము. ఎల్లారెడ్డి సీమలో ఒక గౌడగృహమును ఊహింతము. తండ్రికి అరువదియేండ్లు; మోకాళ్లు నొప్పులు. పెద్దకొడుకు తండ్రివెంట వనమునకు పోవును. చిన్నవాడు కామారెడ్డి కళాశాలలో చదివి ఉద్యోగము వెదకుచున్నాడు. కుమార్తె దాదిగా ఆసుపత్రిలో పనిచేయుచు, త్రాగి వచ్చినవారి కాలేయములను, వారి భార్యల కన్నీటిని దినదినమును చూచుచున్నది. ఒకనాటి రాత్రి తండ్రి మోకును చావడిలో పెట్టి, ‘దీనిని ఎవరు పట్టెదరు?’ అని అడిగినాడనుకొందము. వారికి మనము చెప్పదగిన మాట యేది?

సంస్కర్త చెప్పు మొదటి మాట స్పష్టమైనది: ‘ఎవ్వరును పట్టవలదు. త్రాగుడు గృహములను కూల్చుచున్నది. కూల్చు వృత్తి ఎంత ప్రాచీనమైనను విడువదగినదే.’ ఈ మాటకు బలము కలదు. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి అంగడిని మూయించి, రాష్ట్రమంతటను ఒక ఉద్యమమును లేపిరి. దాని ఫలముగా 1993లో సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ స్త్రీలు పుస్తకములు చదివి మద్యమును ద్వేషింపలేదు. కూలిడబ్బు ఇల్లు చేరుటకు పూర్వమే అంగడిలో ఆగుట చూచి ద్వేషించిరి. వారి సాక్ష్యమునకు మించిన సాక్ష్యము ఏ తత్త్వవేత్త యొద్దను లేదు.

అయినను సంస్కర్తలమైన మనము ఒక్కసారి అద్దమున చూచుకొనవలెను. ఫ్లోరెన్సు ద్రాక్షసారాయమును నాగరకత యందుము. ఎల్లారెడ్డి కల్లును వ్యసనమందుము. అక్కడి తోటను చూచుటకు రుసుము చెల్లించి పోదుము. ఇక్కడి మండువ ప్రక్కను పోవునపుడు ముక్కు మూసికొందుము. రెండింటను మత్తు కలదు. సాధారణముగ కల్లులోని మత్తుపాలు ద్రాక్షసారాయములోని దానికంటె తక్కువయే. మన తిరస్కారమునకు కారణము మత్తు మాత్రమే అయినచో అది రెండింటియందును సమానముగ నుండవలెను. లేదు గనుక అందులో కొంత కులగర్వము, కొంత ధనగౌరవము కలిసియున్నవని ఒప్పుకొనక తప్పదు. కలుషితమైన త్రాసుతో తూచిన తీర్పు న్యాయమైన తీర్పు కానేరదు.

రెండవ మాట వృద్ధులు చెప్పునది: ‘ఇది కులధర్మము. మన పూర్వులు దీనితో బ్రతికిరి. బోనాలలో అమ్మవారికి సాక పోయుటకు, పెండ్లికి, చావుకు, అన్నింటికిని కల్లు కావలెను. దీనిని విడుచుట పితరులకు ద్రోహము.’ ఈ మాటలోని కృతజ్ఞత మెచ్చదగినది. తర్కము మాత్రము నిలువదు. ప్రాచీనత ఒక ఆచారమునకు వయస్సును చెప్పునే గాని యోగ్యతను చెప్పదు. ఈ ఇందూరు సీమలోనే బాలికలను దేవతపేర జోగినులుగా విడుచు ఆచారమును గూడ తరతరముల ఆస్తిగానే కాపాడిరి. 1988లో శాసనము చేసి దానిని నిషేధింపవలసి వచ్చెను. అదియు దేవతపేరనే జరిగినది. అదియు పూర్వుల పేరనే జరిగినది. ‘మా తాత చేసెను’ అనుట ఒక చరిత్ర. అది సమాధానము కాదు.

మరియు గౌడులే తమ జాతిలో ఎవరిని మిక్కిలి గౌరవించుచున్నారు? సర్వాయి పాపన్నను. ఆయన కులవృత్తిని విడిచి, సేనను కూర్చుకొని, మొగలు అధికారమును ఎదిరించి, 1708లో ఓరుగల్లు కోటను ముట్టడించి పట్టినవాడు. మోకును విడిచిన వానిని వీరునిగా కొలుచు జాతి, మోకును విడువగోరు చిన్నకొడుకును ద్రోహి యనుట యెట్లు? కావున ఒక సంగతి ఇక్కడనే తేలుచున్నది. వృత్తిని పుచ్చుకొనుట పుత్రుని ఇష్టము. పుట్టుకతో విధింపబడిన శిక్ష కాదు. కామారెడ్డిలో ఉద్యోగము వెదకు కుర్రవాడు తండ్రికి తక్కువ కొడుకు కాడు.

అయితే పట్టుదునను పెద్దకొడుకు మాటయేమి? వానికి దోషము అంటునా? దీనికి ఉత్తరము చెప్పుటకు పూర్వము నేడు మండువలలో పోయబడునది యేదియో చూడవలెను.

చెట్టు ఇచ్చునది మితము. త్రాగువారు అమితము. వనములు రోడ్లకును ఇటుకబట్టీలకును ఇండ్లస్థలములకును బలియగుచున్నకొలది ఆ మితము మరింత తగ్గుచున్నది. అయినను అంగళ్లలో కల్లునకు కొదువలేదు! ఎట్లు? నీటిలో తీపుపొడి కలుపుదురు. మత్తునకు క్లోరల్ హైడ్రేటును, డైజీపామును, ఆల్ప్రాజోలామును కలుపుదురు. మొదటిది నిద్రకు వాడిన పాతమందు; తక్కిన రెండును వైద్యుని చీటి లేక అమ్మరాని ఔషధములు. వీనిని దినదినమును త్రాగువాడు త్రాగుబోతు మాత్రమే కాడు, తెలియకయే ఔషధబానిస. ఒకనాడు అవి అందనిచో చేతులు వణకును, మూర్ఛలు వచ్చును, మతి చలించును. 2015లో ప్రభుత్వము కల్తీ మీద కన్నెఱ్ఱ చేసినపుడు ఈ సీమలోను పాలమూరులోను ఆసుపత్రులు ఇట్టివారితో నిండెను. 2025 ఏప్రిల్‌లో ఈ కామారెడ్డి జిల్లాయందే, నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలములలో కల్తీకల్లు త్రాగిన అనేకులు ఆసుపత్రుల పాలైరి. అదే సంవత్సరము జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు ప్రాణములనే తీసెను.

ఇందు అపరాధి యెవ్వడు? చెట్టెక్కినవాడా? చెట్టునకు డైజీపాము కాయదు గదా. చెట్టునకును త్రాగువానికిని నడుమ ఒక దూరము ఏర్పడినది. పూర్వము గీసినవాడే పోసెడివాడు. త్రాగెడివాని ముఖము, వాని ఇల్లు, వాని పిల్లల పేరులు ఎఱిగియుండెడివాడు. వాని భార్య వచ్చి, ‘అన్నా, వీనికి ఇక పోయవద్దు’ అనగలిగెడిది. తరువాత సర్కారునకు ఆదాయము కావలెననియు గుత్తేదారునకు లాభము కావలెననియు వృత్తి వేలమునకు వచ్చెను. వేలములో ఎక్కువ పాడినవాడు చెట్లు ఇచ్చునంతతో తృప్తిపడలేడు. ఎక్కువ అమ్మవలెను, ఎక్కువ అమ్మవలెనన్న ఎక్కువ ‘చేయ’వలెను. కల్లు గీయబడు వస్తువుగా నుండి చేయబడు వస్తువైన దినమున వృత్తి వారసత్వము తెగినది. నేటి కల్తీదారు పూర్వుల వృత్తిని కొనసాగించుటలేదు. పూర్వుల పేరును మాత్రము అమ్ముకొనుచున్నాడు. బొమ్మగాని ధర్మభిక్షము వంటి నాయకులు గీతకాండ్రను సంఘములుగా కూర్చిన దానికిని, గీసేవానికే చెట్టు అను నియమము పుట్టిన దానికిని మూలకారణము ఈ దూరమే. సంఘములు వచ్చినవి, కాని కొన్ని తావుల సంఘము పేరిట పాత గుత్తయే నడచుచున్నదని లోకమెఱుగును.

ఇట్టి కష్టము మనకు మాత్రమే వచ్చినది కాదు. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమైన లాంగ్‌డాక్ సీమలో ఇరువదవ శతాబ్దారంభమున వర్తకులు నీటిని చక్కెరను కలిపి ద్రాక్షసారాయముగ అమ్మసాగిరి. నిజమైన సరకునకు ధర పడిపోయెను. 1907 మార్చిలో మార్సెలిన్ ఆల్బెర్టు అను గ్రామస్థుని వెంట ఎనుబదియేడుగురు కర్షకులు ఒక చిన్న ఊరినుండి నార్బోను పట్టణమునకు నడచిరి. జూను నాటికి మోంపెలియె నగరమున లక్షలకొలది జనము గుమిగూడెను. నార్బోనులో సైనికుల తుపాకులకు కొందరు బలియైరి. జూను 29వ తేదీన కల్తీని అరికట్టు శాసనము వెలువడెను. ఇందు మనము గ్రహింపవలసిన దేమి? కల్తీకి విరుద్ధముగ మొదట లేచినవారు మద్యనిషేధవాదులు కారు, పోలీసులును కారు. తరతరములుగ తోట దున్నినవారే లేచిరి. ‘ఇది మా తండ్రుల పేరు, దీనిపేర విషము అమ్మనీయము’ అనుటయే వారి భావము. వారసుడన నిట్టివాడు.

ఇప్పుడు నా అభిప్రాయమును చెప్పెదను. తండ్రి వృత్తిలో కొడుకునకు సంక్రమించునది హక్కు కాదు, జవాబుదారి. ‘దీనితో ఎవరికి మేలు కలిగినది, ఎవరికి కీడు కలిగినది?’ అని లోకమడిగినపుడు ముఖము దాచక నిలిచి చెప్పవలసిన భారమే వారసత్వము. ఆ భారమును మోయువానికి మోకు పట్టు యోగ్యత కలదు. మోయనివానికి, వాడు నూరుతరముల గౌడుడైనను, ఆ యోగ్యత లేదు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. ‘స్వచ్ఛమైన కల్లు మాత్రము మత్తు నీయదా? విషము కలుపనంత మాత్రమున పాపము పోవునా?’ అని ఆసుపత్రిలో పనిచేయు కుమార్తె అడుగును. పోదు. స్వచ్ఛత పాపమును కడుగదు; అయితే పాపమును కంటికి కనబడునట్లు చేయును. చెట్టు ఇచ్చినదానినే పోయువానికి చెట్టే ఒక హద్దు. తాను పోయునది త్రాగువాని ముఖమును చూచువానికి ఆ ముఖమే రెండవ హద్దు. త్రాగువాని ఇల్లాలు వచ్చి వలదన్నపుడు లొట్టిని ప్రక్కకు పెట్టగలిగినచో అది మూడవ హద్దు. ఈ మూడు హద్దులలో నిలువగలిగినచో పెద్దకొడుకు మోకు పట్టవచ్చును. నిలువలేనినాడు విడువవలెను. సీసా అంగడికి ఈ హద్దులలో ఒక్కటియు లేదు. చేసినవాడు ఎక్కడనో, త్రాగువాడెవ్వడో, నడుమ నున్నది డబ్బుపెట్టె.

ఇట్లుండగా 2021లో మన రాష్ట్రప్రభుత్వము గౌడకులస్థులకు మద్యపు అంగళ్ల అనుమతులలో నూటికి పదునైదు వంతున కేటాయించినది. కులవృత్తి సన్నగిల్లినవారికి జీవనోపాయము చూపుట మంచి ఉద్దేశమే. కాని ఏమి ఇచ్చితిమి? హద్దులుగల వృత్తిని పోగొట్టుకొన్నవానికి హద్దులులేని వర్తకమును ఇచ్చితిమి. చెట్టు పోయినవానికి చెట్టు ఇయ్యవలెను గదా! తమకు భూమి ఇచ్చి తాడి ఈతలు నాటుకొననిండని గీతసంఘములవారు చిరకాలముగ అడుగుచున్నారు. పులియకమునుపే సున్నపు కుండలో దించిన నీరా, తాటిబెల్లము, ముంజెలు, తేగలు, ఆకుల చాపలు: తాడి ఇచ్చునది మత్తు మాత్రమే కాదు. మోకును విడువక మత్తును విడుచు మార్గము గూడ ఆ చెట్టునందే యున్నది. దానికి పెట్టుబడియు, అంగడియు, ఓర్పును కావలెను. ఓర్పనగా పదునైదేండ్లు.

ఇంతవరకు గౌడగృహపు వారసులను గూర్చి చెప్పితిని. కాని ఈ మద్యక్షేత్రమునకు వారు మాత్రమే వారసులా? నైజాము ఖజానాకు ఆబ్కారి ఒక ముఖ్యమైన ఊత. 1948లో ఆ ఏలుబడి పోయినది, ఆబ్కారి పోలేదు. అది హైదరాబాదు రాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశమునకు, 2014లో తెలంగాణమునకు ఒకరినుండి ఒకరికి పిత్రార్జితమువలె సంక్రమించినది. దొరతనములు మారినను చేతులు మారుచు తరిగిపోని ఆస్తి అది యొక్కటే! ఆ సొమ్ముతో బాటలు వేసిరి, బడులు కట్టిరి, జీతములిచ్చిరి. ఆ బడులలో మనము చదివితిమి, ఆ బాటలపై నడచితిమి. కావున గీతకానిని నిలదీయుటకు వేలెత్తు ప్రతి విద్యావంతుడును ఆ సొమ్ములో వాటాదారుడే. మోకు చివర వాని నడుమునకు కట్టబడినది; రెండవ చివర మన ఖజానాకు కట్టబడినది. లాభమును పంచుకొని సిగ్గును మాత్రము ఒక్క కులమునకు విడుచుట వారసుల లక్షణము కాదు, దాయాదుల లక్షణము.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఇంకొక విధి కలదు. సామాన్యముగ భార్య చేసిన అప్పునకు భర్త బాధ్యుడు కాడు. కాని గోపాలకుల, నటుల, రజకుల, వ్యాధుల భార్యలు చేసిన అప్పును, వారితోపాటు మద్యము చేయువారి భార్యలు చేసిన అప్పును భర్తలు తీర్చవలెనని ఆ స్మృతి చెప్పినది. కారణమేమనగా ఆ గృహముల జీవనము స్త్రీలపై ఆధారపడియున్నది. ఎంత నిజము! చెట్టెక్కువాడు పురుషుడు; మండువలో లొట్టి వంచి పోయునది, చిల్లర లెక్కించునది, బాకీ అడుగునది, పడిపోయినవాని ఇంటికి కబురు పంపునది ఆ ఇంటి స్త్రీ. భర్త చెట్టునుండి పడినచో సంసారము మోయునదియు ఆమెయే. శతాబ్దముల క్రిందటి శాస్త్రకారుడు గుర్తించిన ఆమెను, మోకునకు వారసులెవ్వరని ప్రశ్నించునపుడు నేటి తండ్రి లెక్కలోనికి తీసికొనడు; కుమారుల వంకనే చూచును. ఫ్లోరెన్సు గృహము ఇరువదియారవ తరమున కుమార్తెలవైపు చూచినది. మన సీమలో సంఘపు లెక్కలను, పోయు కొలతను, వలదని చెప్పు అధికారమును స్త్రీల చేతికిచ్చినచో కల్తీ పుట్టుట కష్టమని నా నమ్మకము. ఏలయనగా త్రాగుడు వలని నష్టమును దూబగుంటలో ముందుగ గ్రహించినవారు స్త్రీలే.

ఆ చావడికే తిరిగి పోదము. మోకు ఇంకను అక్కడనే యున్నది. తండ్రి ఉత్తరమునకై ఎదురుచూచుచున్నాడు. చిన్నకొడుకు ‘నేను పట్టను’ అన్నచో తండ్రి కోపింపక ఆశీర్వదింపవలెను. పెద్దకొడుకు ‘నేను పట్టెదను’ అన్నచో, ‘చెట్టు ఇచ్చినంతయే పోయుదునని ప్రమాణము చేయుము’ అని అడుగవలెను. కుమార్తె ‘ఎవరికి పోయరాదో నేను చెప్పెదను’ అన్నచో, ఆ మాటకు కొడుకు మాటతో సమానమైన విలువ నీయవలెను. తరువాత ఆ ముసలివాడు, తన మోకాళ్లు సహించినచో, గట్టుమీదికి పోయి నాలుగు తాటిటెంకలను పాతవలెను. వానిని తాను గీయడు. పెద్దకొడుకు గీయునో లేదో తెలియదు. వానినుండి కల్లు దించుదురో, బెల్లము వండుదురో, నీడకే విడుతురో రాబోవువారు నిర్ణయింతురు. మనము వారికి విడువగలిగినది చెట్టు. దానితోపాటు జవాబు చెప్పు అలవాటు.

చదువరులారా! మన ఇండ్లలో మోకులు లేవు. కాని తాతలనాటి వడ్డీపత్రములు, కౌలు కాగితములు, కట్నపు నగలు, మడిబీరువాలు కలవు. వానిని పుచ్చుకొను నాడు ‘ఇది ఎవరి నోటిది?’ అని మనమెవ్వరమైన అడిగితిమా? ఎల్లారెడ్డి గౌడుని కొడుకును అడిగిన ప్రశ్నను మొదట మన ఇంట అడుగుకొందము. ఆ తరువాత మండువ వైపు నడచినచో మన మాటను వారు విందురు.